బొట్టు పెట్టని పిలుపు

కుర్చీలు 35 వేశాం. వచ్చినవాళ్లు 11 మంది. అందులో నేనూ, మా అమ్మా కూడా లెక్కే!

2025 జూన్‌లో ఓ శనివారం సాయంత్రం సంగతి ఇది. విజయవాడ గవర్నరుపేటలో ఓ సందు. కింద బైండింగు షాపు, పైన రెండు గదులు. మా చెల్లెలు, దానితో పాటు చదువుకున్న ఇద్దరు కుర్రాళ్లు కలిసి ఆ రెండు గదుల్లో గ్రాఫిక్ డిజైన్ స్టూడియో నడుపుతున్నారు. స్వీటుషాపు అట్టపెట్టెలు, పెళ్లికార్డులు, స్కూళ్ల బ్రోషర్లు, షాపుల బోర్డులు... ఏదొస్తే అది చేస్తారు. పని బాగానే వస్తుంది గానీ, "కంప్యూటర్ ముందు గంటసేపు కూర్చుంటే అయిపోయేదానికి ఇంత డబ్బా?" అని బేరమాడేవాళ్లే ఎక్కువ. అందుకని నెలకోసారి తమ స్టూడియోలోనే ఓ ప్రసంగం పెడదామనుకున్నారు. అక్షరాల గురించి, రంగుల గురించి, అచ్చు గురించి ఊళ్లోవాళ్లకి నాలుగు మాటలు చెబితే పనికి విలువా తెలుస్తుంది, కొత్తవాళ్లూ పరిచయమవుతారని ఆశ.

ఆ సాయంత్రం అమ్మ ఫ్లాస్కు నిండా టీ, స్టీలు డబ్బా నిండా చేగోడీలు తెచ్చింది. ఆరయింది. ఆరుంపావు అయింది. మెట్ల మీద చప్పుడైనప్పుడల్లా చెల్లెలు గుమ్మంలోకి వెళ్లి చూసొచ్చేది. చివరికి వచ్చిన తొమ్మిది మందీ వాళ్లలాంటి డిజైనర్లే. తెలిసినవాళ్లు తెలిసినవాళ్లకే అక్షరాల అందం గురించి చెప్పుకుని, టీ తాగి వెళ్లిపోయారు. ఖాళీ కుర్చీలు మడతపెడుతూ చెల్లెలు ఏడవలేదు గానీ, ముక్కు మాత్రం ఎర్రబడింది.

"ఈ ఊరివాళ్లకి ఇలాంటివి పట్టవక్కా" అన్నాడు ఓ కుర్రాడు.

నాకెందుకో ఊరి మీదకి తప్పు నెట్టబుద్ధి కాలేదు. గోడకు అంటించిన పోస్టరు వంక చూశాను. తప్పు అక్కడుందేమో అనిపించింది.

ఎవరి కోసం వేశారు?

పోస్టరు అందంగా లేదనను. నల్లటి కాగితం. పైన ఎడమ మూలన ఒకే ఒక్క 'అ', అదీ సగం కోసేసి. కింద కుడి మూలన చీమల బారులా తెల్లటి సన్నని ఇంగ్లీషు అక్షరాలు. తేదీ, సమయం, చిరునామా అన్నీ ఆ చీమల్లోనే. ఆ సగం 'అ' తప్ప కాగితం మొత్తం మీద తెలుగు లేదు. తెలుగు అక్షరం గురించి ప్రసంగానికి!

"ఖాళీ ఎక్కువుంటేనే కన్ను ఆగుతుందక్కా" అంటూ చెల్లెలు కంప్యూటర్లో కొన్ని పోస్టర్లు చూపించింది. స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో టోన్‌హాలె అనే సంగీతశాల ఉంది. అక్కడి కచేరీలకు 1950ల్లో జోసెఫ్ ముల్లర్ బ్రోక్‌మన్ అనే ఆయన వేసిన పోస్టర్లట. 1955లో బెథోవెన్ కచేరీకి వేసినదాంట్లో మనిషి బొమ్మ లేదు, వయొలిన్ లేదు. పెద్ద పెద్ద వంపు పట్టీలు చుట్టూ తిరుగుతున్నట్టుంటాయి, కాసిని అక్షరాలు, అంతే. చూస్తుంటే నిజంగానే చెవిలో ఏదో మోగినట్టుంది.

తర్వాత ఇంకోటి చూపించింది. "అయ్యో రామ!" అన్నాను. న్యూయార్క్‌లో స్టూడియో నడిపే స్టెఫాన్ సాగ్‌మైస్టర్ 1999లో డెట్రాయిట్ డిజైనర్ల సంఘం కోసం ప్రసంగం ఇచ్చాడు. ఆ ప్రసంగం పోస్టరు కోసం వివరాలన్నీ తన ఒంటి మీదే కత్తిమొనతో గీయించుకుని ఫొటో తీయించుకున్నాడు! గీసింది ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. డిజైన్ పనిలో ఉండే నొప్పిని చూపించిన పోస్టరని ఇప్పటికీ చెప్పుకుంటారట.

"మరి ఆ ప్రసంగానికి వచ్చేవాళ్లెవరే?" అనడిగాను.

"డిజైనర్లు, డిజైన్ చదివే పిల్లలు."

"ఆయన పేరు వాళ్లకి ముందే తెలుసా?"

"తెలియకేం?"

"జ్యూరిక్ వాళ్లకి బెథోవెన్ ఎవరో, ఆ సంగీతశాల ఎక్కడుందో?"

చెల్లెలు మాట్లాడలేదు.

నాకు డిజైన్ తెలియదు. బీఏ చదివాను, కథలు రాస్తాను, ఇల్లు చూసుకుంటాను. కానీ ఈ మాత్రం అర్థమైంది. తెలిసినవాళ్లని పిలిచేటప్పుడు సైగ చాలు. తెలియనివాళ్లని పిలవాలంటే నోరు తెరవాలి. వీళ్ల పోస్టరు సైగ చేసింది. సైగ అర్థమైన తొమ్మిది మందీ వచ్చారు. ఒకరకంగా చూస్తే పోస్టరు తన పని తను చేసింది. కాకపోతే వీళ్లకి కావలసిన పని అది కాదు.

పార్టీ లేని పని

అచ్చు పని చేసేచోట పని తెచ్చేవాళ్లని 'పార్టీ' అంటారు. "పార్టీ వచ్చింది", "పార్టీ ఇంకా ప్రూఫ్ చూడలేదు" అంటుంటారు. ఆ మాట వింటేనే స్టూడియోలో అందరికీ చిరాకు. "ఫోన్ నంబరు పెద్దది చేయండి", "మా షాపు పేరు కనబడటం లేదు", "అడ్రసుకి గుర్తుగా పక్కనున్న గుడి పేరు వేయండి" అని ప్రాణం తీస్తారట. పార్టీ మెట్లు దిగాక ఆ మాటల్నే అనుకరించి నవ్వుకుంటారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను చాలాసార్లు.

కానీ తమ ప్రసంగానికి తామే పోస్టరు వేసుకునేటప్పుడు పార్టీ ఉండదు. అడిగేవాళ్లు లేరు, వంక పెట్టేవాళ్లు లేరు, డబ్బులిచ్చేవాళ్లూ లేరు. ఇన్నాళ్లూ ఎవరూ చేయనివ్వనిదల్లా చేసేయాలన్న సరదా. తోటి డిజైనర్లు చూసి 'భలే' అనాలన్న కోరిక. పైగా ఇది ఎప్పుడూ చివరి పనే. పార్టీల పనులన్నీ అయ్యాక రాత్రి పదకొండింటికి మొదలవుతుంది. ఇంటిల్లిపాదికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలింది మనం వేసుకోమూ? అలాగన్నమాట!

"అయితే ఈసారి పార్టీని నేను" అన్నాను. "రెండో ప్రసంగానికి మేటర్ నేను రాస్తాను. ప్రూఫ్ నేను చూస్తాను. కరెక్షన్లు చెబుతాను. మీరు విసుక్కోకూడదు."

"మరి అడ్వాన్సు?" అంది చెల్లెలు నవ్వుతూ.

"చేగోడీలు తిన్నారుగా!" అన్నాను.

నేనంత ధీమాగా ముందుకు రావడానికి కారణం ఉంది. 2009లో, పెళ్లయిన కొత్తలో, మేమున్న ఊళ్లో గ్రంథాలయం గోడ మీద ఓ పోస్టరు చూశాను. కథలు రాయడం మీద ఒకరోజు శిక్షణ. పేరున్న రచయితలు వస్తున్నారు. 'అందరూ ఆహ్వానితులే' అని కింద రాసుంది. కూరగాయల సంచీ పట్టుకుని మూడు రోజులు ఆ పోస్టరు ముందు నిలబడ్డాను. ఎన్నింటికి మొదలవుతుందో ఉంది, ఎన్నింటికి అవుతుందో లేదు. ఫోన్ నంబరు లేదు. డబ్బు కట్టాలా? భోజనం సంగతేంటి? ఒక్క కథా అచ్చు కాని నాలాంటి దాన్ని రానిస్తారా? ఏదీ తెలియదు. ఇంట్లో అడిగితే, "మళ్లీ ఎన్నింటికి వస్తావు?" అన్నారు. తప్పు ప్రశ్న కాదు. కానీ నా దగ్గర జవాబు లేదు. వెళ్లలేదు.

నా మొదటి కథ అచ్చయింది ఆ తర్వాత ఏడేళ్లకి. ఆ రోజు వెళ్లి ఉంటే ముందే అచ్చయ్యేదని చెప్పలేను. కానీ ఆ పోస్టరు మాత్రం గుర్తుండిపోయింది. అది నన్ను రావద్దనలేదు, రమ్మనీ అనలేదు. 'అందరూ' అన్న మాటలో నేనూ ఉన్నానని నాకనిపించలేదు. మీకెప్పుడైనా అనిపించిందా?

తెలుగు అక్షరం తంటాలు

రెండో ప్రసంగం సినిమా పోస్టర్ల మీద తెలుగు అక్షరాల గురించి. మాట్లాడేది, గోడల మీదా బట్ట బ్యానర్ల మీదా నలభై ఏళ్లు అక్షరాలు రాసిన ఓ పెద్దాయన. అందుకని ఈసారి పోస్టరంతా తెలుగులోనే ఉండాలన్నది నా మొదటి షరతు. సరేనన్నారు. అప్పుడు బయటపడ్డాయి అసలు కష్టాలు!

ఇంగ్లీషు అలవాటు కొద్దీ వరుసలు దగ్గర దగ్గరగా పేర్చారు. మన అక్షరాలకేమో నెత్తిన తలకట్లు, గుడులు, కాళ్ల కింద వత్తులు. 'స్త్రీ' అని రాసి చూడండి. ఒక్క అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. పై వరుసలోని వత్తులు వెళ్లి కింది వరుస గుడుల్ని పొడుస్తున్నాయి. "సిటీబస్సులో సీట్లలా ఉందే, వెనకవాళ్ల మోకాళ్లు ముందువాళ్ల వీపుకి గుచ్చుకుంటున్నాయి" అన్నాను. వరుసల మధ్య ఎడం బాగా పెంచితే గానీ చదవడానికి వీలు కాలేదు.

ఇంగ్లీషులో ఒక మాట గట్టిగా చెప్పాలంటే అన్నీ పెద్దబడి అక్షరాలు వేసేస్తారు. మనకి పెద్దబడి, చిన్నబడి లేవు. సైజు పెంచాలి, లేదా లావు చేయాలి, లేదా రంగు మార్చాలి. మరీ లావు చేస్తే అక్షరంలో గుండ్రాలు పూడుకుపోతాయి. మరీ సన్నం చేస్తే ఇంకో తంటా. 'ప'కీ 'ఫ'కీ తేడా కిందనుండే చిన్న గీత. 'డ'కీ 'ఢ'కీ కూడా అంతే. చెల్లెలికి నలుపు మీద మమకారం పోక ఈసారీ నల్లకాగితం మీద తెల్లటి సన్నక్షరాలే వేసింది. అచ్చులో చుట్టూ ఉన్న నల్లసిరా పొంగి ఆ గీతల్ని మింగేసింది. ప్రూఫ్‌లో 'ఫోన్ చేయండి' కాస్తా 'పోన్ చేయండి' అయి కూర్చుంది!

ఇంకో చిక్కు. ఫొటోషాప్ లాంటి వాటిలో భారతీయ భాషలకి తగ్గ అమరిక ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కన నిలబడతాయి. 'పోస్టర్' అని కొడితే 'పోస్‌టర్' అని వస్తుంది. పాత అను ఫాంట్లలో కొట్టిన మేటర్‌ని వాట్సాప్‌లోకి తెస్తే అర్థంకాని గీతలు. అందుకని యూనికోడ్ ఫాంట్లు తీసుకున్నారు. మండలి, మల్లన్న, ఎన్టీఆర్, రామభద్ర... ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చట. నాకు అప్పుడే తెలిసింది.

రంగుల సంగతీ అంతే. తెర మీద రంగు వెలుగుతో పుడుతుంది. కాగితం మీద నాలుగు సిరాలు కలిస్తే వస్తుంది. తెర మీద నెమలికంఠంలా మెరిసిన నీలం, కాగితం మీదకొచ్చేసరికి నాలుగుసార్లు ఉతికిన చీరలా ఉంది. పోస్టరు రంగు కంప్యూటర్లో చూసి ఒప్పుకోకూడదని, ఒక్క కాగితమైనా అచ్చు తీయించి చూడాలని అప్పుడు నేర్చుకున్నాను.

నేను రాసిన మేటర్‌కి చెల్లెలు కూడా బాగానే వంకలు పెట్టింది. "ఇది పోస్టరు కాదక్కా, కరపత్రం. తొంభై మాటలున్నాయి. నడిచిపోయేవాళ్లు ముందు ఆగాలి. ఆగాకే చదువుతారు. నువ్వు ఆపకుండానే చెప్పేస్తున్నావు" అంది. కోపం వచ్చింది గానీ ఆలోచిస్తే నిజమే. కథలో నాలుగో పేజీ దాకా ఓపిక పట్టే పాఠకురాలు గోడ దగ్గర నాలుగు క్షణాలు కూడా ఉండదు. చివరికి ఒప్పందానికొచ్చాం. కాగితంలో పైన మూడొంతులు దానిది, అక్కడ మనిషిని ఆపాలి. కింద ఒక వంతు పట్టీ నాది, అక్కడ మనిషిని పిలవాలి.

ఆ పట్టీ ప్రతి నెలా ఒకేలా ఉండాలంది చెల్లెలు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ స్కూలు ప్రసంగాలకి మైకేల్ బీరూట్ అనే డిజైనర్ 1998 నుంచి ఏళ్ల తరబడి పోస్టర్లు వేశాడట. ప్రతిసారీ అక్షరాల రూపం మారుతుంది గానీ, రంగు మాత్రం ఎప్పుడూ నలుపూ తెలుపే. చూడగానే 'ఇది వాళ్లదే' అని తెలిసిపోతుంది. మన పోస్టర్లలో కూడా సమయం, చోటు, ఫోను ఎప్పుడూ అదే పట్టీలో, అదే వరుసలో ఉంటే రెండోసారి చూసినవాళ్లు వెతుక్కోనక్కర్లేదు. వంటింట్లో పోపుల డబ్బా ఎప్పుడూ ఒకేచోట పెట్టుకున్నట్టు.

అమ్మ అన్న మాట

ఇంతలో శ్రావణమాసం వచ్చింది. ఇంటింటా పేరంటాలు. అప్పుడు నాకో ఆలోచన తట్టింది. మన ఊళ్లలో పేరంటానికి ఎలా పిలుస్తారు? ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, ఎప్పుడు రావాలో చెప్పి, "పిల్లల్ని కూడా తీసుకురండి" అని మరీ పిలుస్తారు. మంచి పోస్టరంటే అలాగే ఉండాలి కదా! చెల్లెలికి చెబితే గంతేసింది. ఎర్రటి కుంకుమభరిణె బొమ్మ వేసింది. పైన పెద్ద అక్షరాల్లో నా మాటలు: 'బొట్టు పెట్టి పిలుస్తున్నాం, రండి.' కుర్రాళ్లకీ నచ్చింది. నేనైతే మురిసిపోయాను. కథకి మంచి ముగింపు దొరికినప్పుడు కూడా అంత సంబరపడలేదేమో.

ప్రూఫ్ ఇంటికి తెచ్చి అమ్మకి చూపించాను. అమ్మ వంకాయలు తరుగుతోంది. చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"బాగుందమ్మా. ఎరుపు నిండుగా వచ్చింది" అంది. కాసేపాగి, "ఈసారి చేగోడీలు డబ్బాలో పెట్టి ఇస్తాలే, మీరు పట్టుకెళ్లండి" అంది.

"అదేంటి, నువ్వు రావా?"

"బొట్టు పెట్టి పిలిచేచోటికి నేనెందుకులే" అంది.

కోపంగా కాదు. నిష్ఠూరంగా కూడా కాదు. వంకాయలకి పుచ్చులున్నాయని చెప్పినంత మామూలుగా అనేసి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది.

నాన్న 2021లో పోయారు. అప్పటి నుంచీ అమ్మ మా ఇంట్లోనే ఉంటోంది. శ్రావణ శుక్రవారం నాడు మా ఇంటికి పేరంటాళ్లు వస్తే, ఎవరూ ఏమీ అనకముందే వంటింట్లోకి వెళ్లిపోతుంది. శనగలు నానబెట్టేదీ, తాంబూలాలు సర్దేదీ తనే. గదిలోకి మాత్రం రాదు. నేనూ "రావే అమ్మా" అని గట్టిగా ఒక్కనాడూ అనలేదు. భర్త పోయిన ఆడవాళ్లని శుభకార్యాలకి దూరం పెట్టడం మీద కథ రాశాను. బాగుందని ఉత్తరాలు కూడా వచ్చాయి. ఆ కథ రాసిన చేత్తోనే ఈ పోస్టరూ రాశాను. అమ్మ అనేదాకా నాకు తట్టలేదు!

ఆలోచిస్తుంటే ఒక్కొక్కళ్లే గుర్తొచ్చారు. చెల్లెలి దగ్గర మెహెందీ కార్డులు వేయించుకున్న ముస్లిం అక్కాచెల్లెళ్లు. స్టూడియో ఎదురింట్లో ఉండే చర్చికి వెళ్లే టీచరమ్మ. పెళ్లే చేసుకోని మా స్నేహితురాలు. సరే, మగవాళ్ల సంగతి? పోస్టరు చూసి, 'ఇది ఆడవాళ్ల పేరంటమేమో' అనుకుని వెళ్లిపోరూ? కుర్రాళ్లు తమ పోస్టరుతో తమలాంటి డిజైనర్లకి సైగ చేశారని ఎంత దెప్పాను! నేను చేసిందీ అదే. నాలాంటి ఆడవాళ్లకి సైగ చేసి, అందరినీ పిలిచాననుకున్నాను.

రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. "అమ్మ చూస్తుందని అనుకోనే లేదక్కా" అంది చివరికి. "అమ్మే కదా ముందు చూసేది" అన్నాను. ఇద్దరం ఏడ్చామని వేరే చెప్పక్కర్లేదు.

22 మెట్లున్నాయి

మర్నాడు చెల్లెలు ఇంటికొచ్చింది. పాత క్యాలెండరు కాగితం తిరగేసి, స్కెచ్ పెన్ను అమ్మ చేతికిచ్చింది. "'రండి' అని రాయవే" అంది. "నా రాత ఏం బాగుంటుందే" అంటూనే అమ్మ పదకొండు సార్లు రాసింది. ముగ్గు చుక్కలా గుండ్రంగా సున్నా, బాగా వెనక్కి తిరిగిన గుడి. అందులో ఒకదాన్ని చెల్లెలు స్కాన్ చేసింది. కాగితంలో పైన మూడొంతులూ ఆ ఒక్క మాటే. భరిణె లేదు, బొట్టు లేదు. పసుప్పచ్చ మీద నల్లగా 'రండి'. సిరా మింగేయడానికి సన్న గీతలేమీ లేవు!

కింద పట్టీలో నా మేటర్. ఎన్నిసార్లు కొట్టేసి రాశానో! చివరికి ఇదీ మిగిలింది:

'సినిమా పోస్టర్ల మీద తెలుగు అక్షరం. షాపు బోర్డు రాయించుకునేవాళ్ల కోసం, పెళ్లికార్డు వేయించుకునేవాళ్ల కోసం, చేతిరాత అంటే ఇష్టమున్నవాళ్ల కోసం. ఆదివారం మధ్యాహ్నం 3కి మొదలు, 5కి అయిపోతుంది. మాట్లాడేది తెలుగులోనే. టిక్కెట్టు లేదు. పిల్లల్ని తీసుకురావచ్చు. 22 మెట్లున్నాయి, లిఫ్టు లేదు. సందేహముంటే ఫోన్ చేయండి.'

మెట్ల మాట అమ్మ వేయించింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తెలిసి రావాలి కదా అంది. శనివారం సాయంత్రాన్ని ఆదివారం మధ్యాహ్నానికి మార్చింది నేను. భోజనాలయి గిన్నెలు సర్దుకున్నాక, సాయంత్రం టీ వేళలోపు మనకి దొరికేది ఆ కాస్త సమయమే. 'అందరూ ఆహ్వానితులే' అన్న మాట మాత్రం వేయనివ్వలేదు.

టైలరింగు సామాన్ల షాపులో, జిరాక్సు షాపులో, గ్రంథాలయంలో, కాలేజీ దగ్గర టీకొట్టులో అడిగి మరీ అంటించాం. వాట్సాప్‌లోనూ పంపాం. పంపేముందు అమ్మకి కళ్లజోడు లేకుండా ఫోను చేతికిచ్చి, "ఏం కనబడుతోందమ్మా?" అని అడిగాం. 42 సెంటీమీటర్ల పొడవున్న కాగితం ఫోనులో మూడు వేళ్ల వెడల్పుకి కుంచించుకుపోతుంది మరి. "నా రాతా, మూడు గంటలూ కనబడుతున్నాయి" అంది. చాలు!

ఆ ఆదివారం 26 మంది వచ్చారు. నిండిపోయిందని చెప్పను, తొమ్మిది కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కానీ డిజైనర్లు ఆరుగురే. కృష్ణలంక నుంచి ఓ టైలరమ్మ వచ్చింది. "మొదటి కాగితం కూడా చూశానండీ. కంప్యూటర్ కోచింగు వాళ్లదేమో అనుకున్నా" అంది. మెహెందీ అక్కాచెల్లెళ్లు, రిటైరైన గుమాస్తాగారొకాయన, పిల్లాడితో ఓ తల్లి. పిల్లాడు ఏడవడంతో ఆవిడ సగంలోనే వెళ్లిపోయింది. పిల్లల్ని తీసుకురమ్మని వేశాం గానీ, వాళ్లకి కాగితాలూ రంగు పెన్సిళ్లూ పెట్టాలన్న ధ్యాస మాకు లేకపోయింది!

పెద్దాయన చక్కగా మాట్లాడారు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, బాపుగారి 'సాక్షి' 1967లో వచ్చినప్పటి నుంచీ వందలాది సినిమాలకి పోస్టర్లు చేసిన ఈశ్వర్ గారి గురించీ, ఆయన రాసిన 'సినిమా పోస్టర్' పుస్తకం గురించీ చెప్పారు. టైటిల్ అక్షరం చూడగానే అది నవ్వించే సినిమానో ఏడిపించే సినిమానో తెలిసిపోవాలన్నారు. బోర్డు మీద సుద్దముక్కతో 'ప్రేమ' అని మూడు రకాలుగా రాసి చూపిస్తే, టైలరమ్మ నోట్సు రాసుకుంది. అమ్మ ముందు వరసలో కూర్చుంది. 22 మెట్లూ రెండుసార్లు ఆగి ఎక్కింది.

ఓ డిజైనర్ కుర్రాడు వెళ్తూ వెళ్తూ, "పోస్టర్లో మేటర్ ఎక్కువైందండీ" అన్నాడు. "పార్టీ వినలేదు" అంది చెల్లెలు నా వంక చూపించి.

మీరూ వేయించుకునేటప్పుడు

మహిళా మండలి సమావేశమో, స్కూలు వార్షికోత్సవమో, చీరల ప్రదర్శనో... ఇవాళ ఎవరికైనా పోస్టరు అవసరం పడుతూనే ఉంటుంది. ఈ రెండు నెలల్లో నేను నేర్చుకున్నవి నాలుగు మాటలు చెబుతాను.

దూరం నుంచి ఒక్క మాటే కనబడేలా చూసుకోండి. మిగతావి దగ్గరికొచ్చాక చదువుతారు. ఎన్నింటికి మొదలో వేసినట్టే, ఎన్నింటికి అవుతుందో కూడా వేయండి. ఆడవాళ్లకి అసలు కావలసింది రెండోదే. డబ్బు కట్టాలో అక్కర్లేదో స్పష్టంగా రాయండి. తెలుగు వరుసల మధ్య ఎడం ఉంచమని చెప్పండి. అచ్చు తీసిన ప్రూఫ్‌ని వెలుతురులో చూడండి, ఫోన్ నంబరుకి మీరే ఒకసారి ఫోన్ చేసి చూడండి. ముఖ్యంగా, ఆ పోస్టరుతో ఏ సంబంధం లేని మనిషికి చూపించి, "నిన్ను రమ్మంటోందా?" అని అడగండి. "బాగుందా?" అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు. మా అమ్మ కూడా ముందు అదే అంది కదా!

టైలరమ్మ తర్వాతి వారం స్టూడియోకి వచ్చి షాపు బోర్డు రాయించుకుంది. బేరమాడింది లెండి, కానీ కాస్త తక్కువగా. ఆ 'రండి' పోస్టరు ఒకటి మా వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించాను. ఈసారి శ్రావణ శుక్రవారానికి పేరంటాళ్లు వచ్చినప్పుడు, వంటింట్లోకి వెళ్లి, అమ్మ చెయ్యి పట్టుకుని అదే మాట అందామని ఉంది. వస్తుందో రాదో. పిలవడం మాత్రం నా వంతు.